లాహోర్‌లో మాట ఇచ్చి వదిలేసిన ఒప్పందాన్ని విశాఖలో మా పిల్లలు రాశారు: నా అనుభవం

నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. పోయిన విద్యా సంవత్సరం మా ఫైనలియర్ పిల్లలతో ఒక దౌత్య చర్చ నడిపించాను: భారత్, పాకిస్తాన్ యుద్ధనౌకలు సముద్రంలో ఎదురుపడ్డప్పుడు ప్రమాదాలు జరగకుండా ఒక ఒప్పందం రాయడం. దౌత్య చర్చలు చాలా కాలేజీల్లో జరుగుతూనే ఉంటాయి. భద్రతా మండలి అని పేరు పెడతారు, పిల్లలు కోట్లు వేసుకుని దేశానికొకరు చొప్పున ఉపన్యాసాలిస్తారు, సాయంత్రానికి బాగా మాట్లాడినవాళ్లకి షీల్డు ఇచ్చి పంపేస్తారు. నాకు అది చాలదనిపించేది. యుద్ధాన్ని ఆపే పనైనా, అణ్వాయుధాలు తగ్గించే పనైనా ఉపన్యాసాలతో జరిగింది తక్కువ. ఒకరంటే ఒకరికి నమ్మకం లేనివాళ్లు ఒకే కాగితం ముందు కూర్చుని, ఈ మాట మాకు కుదరదు, ఇలా రాస్తే ఒప్పుకుంటాం అంటూ వాక్యం వాక్యం నెట్టుకుంటూ పోయే పని అది. ఆ పనే మా పిల్లల చేత చేయించాలనుకున్నాను. ఎలా చేశామో, ఎక్కడ ఇరుక్కున్నామో వివరంగా రాస్తున్నాను. ఇంకో కాలేజీ వాళ్లెవరైనా మొదలుపెడదామనుకుంటే పనికొస్తుంది.

విషయం ఏదన్నది పిల్లల ప్రశ్నలోంచే వచ్చింది. 2025 మేలో, పహల్గాం దాడి తర్వాత భారత్, పాకిస్తాన్ ఒకరి మీద ఒకరు దాడులు చేసుకున్న ఆ నాలుగు రోజులూ వాళ్లంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లే. మే 7న దేశమంతటా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ పెట్టిన చోట్లలో విశాఖ కూడా ఉంది. మే 10 మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంఓ, అంటే వాళ్ల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్, మన డీజీఎంఓకి ఫోన్ చేశారు. సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపుదామన్నారు, ఆగాయి. కాలేజీ తెరిచాక గాజువాక కుర్రాడొకడు క్లాసులో లేచి అడిగాడు: "అంత గొడవలో కూడా ఆ ఫోన్ లైన్ ఎలా పనిచేసింది మేడమ్? రెండు వైపులా ఎవరూ కట్ చెయ్యలేదా?"

చాలా మంచి ప్రశ్న. జవాబుగా రెండు దేశాల మధ్య ఇప్పటికే ఉన్న ఒప్పందాలు బోర్డు మీద వరసగా రాశాను. 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 1992లో మొదలైన ఆ పని కార్గిల్ యుద్ధం వచ్చినా ఆగలేదు. పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దులో లక్షల సైన్యం ఎదురెదురుగా నిలబడి ఉన్న 2002 జనవరిలోనూ ఆగలేదు. ముంబై దాడులు జరిగిన నెలకే వచ్చిన 2009 జనవరిలోనూ ఆగలేదు. మొన్న 2026 జనవరి 1న ఇచ్చుకున్నది వరసగా 35వ సారి. ఈ సంగతి మన పేపర్లలో లోపలి పేజీల్లో నాలుగు లైన్లుగా వస్తుంది. నన్నడిగితే మొదటి పేజీలో వేయాల్సిన వార్త.

తర్వాత 1991 ఏప్రిల్‌లో రెండు ఒప్పందాలు వచ్చాయి. పెద్ద సైనిక విన్యాసాలు చేసేముందు ఎదుటివాళ్లకి చెప్పాలి, ఒకరి గగనతలంలోకి ఒకరి సైనిక విమానాలు రాకూడదు. 2005లో ఇంకొకటి: బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించే ముందు కనీసం మూడు రోజులు ముందుగా తెలియజేయాలి. 2007లో మరొకటి: అణ్వాయుధాలకు సంబంధించి ఏ ప్రమాదం జరిగినా వెంటనే కబురు చేయాలి. ఈ చివరి రెండింటికీ పునాది లాహోర్‌లో పడింది. వాజ్‌పేయి బస్సెక్కి వెళ్లిన ఆ 1999 ఫిబ్రవరిలో, 21వ తేదీన, ఇద్దరు విదేశాంగ కార్యదర్శులు ఎనిమిది అంశాలతో ఒక అవగాహన పత్రం మీద సంతకాలు చేశారు. అందులో ఒక అంశం సముద్రం గురించి. రెండు దేశాల యుద్ధనౌకలు, వాటి విమానాలు సముద్రంలో ఎదురుపడ్డప్పుడు ప్రమాదాలు జరగకుండా ఒక ఒప్పందం చేసుకుంటామని మాట ఇచ్చుకున్నారు. మూడు నెలలు తిరక్కుండా కార్గిల్. ఆ ఏడాది ఆగస్టు 10న కచ్ ప్రాంతంలో పాకిస్తాన్ నౌకాదళపు అట్లాంటిక్ రకం గస్తీ విమానాన్ని మన వాయుసేన కూల్చింది, అందులో ఉన్న 16 మందీ చనిపోయారు. క్షిపణుల అంశం 2005లో పూర్తయింది, ప్రమాదాల అంశం 2007లో పూర్తయింది. సముద్రం అంశం మాత్రం ఈరోజు వరకు అలాగే ఉండిపోయింది.

మనది నేవీ ఊరు. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది. మా క్లాసులో నలుగురైదుగురి ఇళ్లలోనైనా డాక్‌యార్డులోనో ఓడల మీదో పనిచేసేవాళ్లు ఉంటారు. మరి ఆ ఒప్పందం రాయడానికి కూర్చోవాల్సింది మనమే కదా అన్నాను. పిల్లలు ఒప్పేసుకున్నారు.

ఒప్పుకోవడం తేలిక. పాకిస్తాన్ వైపు ఎవరు కూర్చుంటారన్నప్పుడు గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు. చీటీలు తీద్దామన్నాను. సబ్‌మెరైన్‌లో పనిచేసే నావికుడి కొడుకు ఒకడున్నాడు మా దగ్గర, నెమ్మదస్తుడు. వాడికే పాకిస్తాన్ నౌకాదళ ప్రతినిధి చీటీ వచ్చింది. మొహం మాడిపోయింది. మర్నాడు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "మేడమ్, వాళ్ల నాన్నగారు డ్యూటీలో ఉన్నారు, వీడేమో అటువైపు మాట్లాడాలంటున్నాడు, బాగుంటుందా?" అని ఆవిడ భయం. నేను ఒకటే చెప్పాను: "అమ్మా, మీవారు నీళ్లలో ఉన్నప్పుడు ఎదుటి ఓడ కెప్టెన్ ఏమనుకుంటాడో ముందే ఆలోచించి పెట్టేవాళ్లు ఒడ్డున ఉండాలి. మీవాడు నేర్చుకోబోయేది అదే." ఆవిడ కాసేపు ఆగి, సరే అన్నారు. కాలేజీ యాజమాన్యానికి కూడా జంకు ఉండింది, ఎవరో వీడియో తీసి తోచినట్టు రాసి పెడతారని. జెండాలు పెట్టకుండా, బల్లల మీద పేరు పలకలతో సరిపెట్టుకోమన్నారు. అలాగే చేశాం.

సముద్రంలో రెండు ఓడలు ఒకదాన్నొకటి రాసుకుంటే దానికీ అణ్వాయుధాలకీ ఏమిటి సంబంధం అని మొదట్లో చాలామంది పిల్లలు అడిగారు. సంబంధం మన రేవులోనే ఉంది. ఐఎన్‌ఎస్ అరిహంత్ జలాంతర్గామిని జలప్రవేశం చేయించింది 2009 జూలై 26న, ఇక్కడే. ఐఎన్‌ఎస్ అరిఘాత్‌ని 2024 ఆగస్టు 29న నౌకాదళంలోకి తీసుకున్నది కూడా ఇక్కడే. రెండూ అణుశక్తితో నడిచేవి, అణు క్షిపణులు మోసేవి. అటు పాకిస్తాన్ 2017 జనవరిలో నీటి అడుగు నుంచి బాబర్-3 క్షిపణిని పరీక్షించింది. అంటే నేల మీద ఉన్న ముప్పు ఇప్పుడు నీటి కిందికీ దిగింది. నేల మీద ఎంత కోపాలున్నా సరిహద్దు కంచె కనబడుతుంది. నీటి అడుగున ఎవరున్నారో పక్కవాడికి తెలియదు.

ఇది బోర్డు మీద చెబితే ఎక్కదని పిల్లల్ని బీచ్‌రోడ్డులో కురుసుర మ్యూజియంకి తీసుకెళ్లాను. విశాఖ పిల్లలంతా చిన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌లో చూసిందే. 1971 యుద్ధంలో మన నౌకాదళ విజయానికి గుర్తుగా కట్టిన స్తూపం దగ్గర ఐస్‌క్రీం తిని, కురుసుర ఎక్కి దిగి, ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఈసారి తాపీగా చూడమన్నాను. కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. లోపల నడవా అంతా పైపులు, చక్రాలు, మీటర్లు. ముందు భాగంలో ఆరు టార్పెడో గొట్టాల మూతలు వరసగా కనబడతాయి. వెనక ఇంకో నాలుగున్నాయి. మనుషులు పడుకునే బెర్తులు, ఆయుధాలు, వంటగది అన్నీ ఒకే గొట్టంలో. చేతులు చాపితే ఏదో ఒకటి తగలాల్సిందే.

ముందు గదిలో, ఆ ఆరు మూతల ఎదుట నిలబెట్టి వాళ్లకి 1962 అక్టోబర్ 27 కథ చెప్పాను. క్యూబాలో సోవియట్ యూనియన్ పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాతో యుద్ధం అంచుదాకా వెళ్లిన సంక్షోభం పరాకాష్ఠలో ఉన్న రోజు. అట్లాంటిక్‌లో బి-59 అనే సోవియట్ జలాంతర్గామి, ఇదే ఫాక్స్‌ట్రాట్ తరగతిది, అమెరికా యుద్ధనౌకల మధ్య చిక్కుకుంది. దాని టార్పెడోల్లో ఒకటి అణు టార్పెడో. మాస్కోతో సంబంధం తెగిపోయింది, లోపల గాలి ఆడడంలేదు, వేడి 45 డిగ్రీలు దాటింది. పైనుంచి అమెరికన్లు చిన్న చిన్న డెప్త్ చార్జీలు, అంటే నీళ్లలో పేలే బాంబులు, వదులుతున్నారు. ముంచడానికి కాదు, పైకి రమ్మని సంకేతం. ఆ సంకేతాల పద్ధతిని అమెరికా రెండు మూడు రోజుల ముందే మాస్కోకి పంపింది కూడా. జలాంతర్గామిలో ఉన్నవాళ్లకి మాత్రం అది చేరలేదు. లోపలున్న కెప్టెన్ సవిత్‌స్కీకి యుద్ధం మొదలైపోయిందనిపించింది. అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడు. అప్పుడు ఆ సోవియట్ జలాంతర్గాముల దళానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా అదే జలాంతర్గామిలో ఉన్న వసీలీ అర్ఖిపోవ్ ఒప్పుకోలేదు, కెప్టెన్‌ని చల్లబరిచాడు అని ఆ ప్రయాణంలో ఉన్నవాళ్లు ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పారు. బి-59 పైకి తేలింది. కథ అక్కడితో ఆగింది కాబట్టే మనం మిగిలాం.

సబ్‌మెరైనర్ గారబ్బాయి ఒక మూత మీద చెయ్యి వేసి అలా ఉండిపోయాడు. తర్వాత అన్నాడు: "సంకేతం పంపించారు కానీ అందిందా లేదా అని ఎవరూ చూసుకోలేదు కదా మేడమ్." అక్కడ గైడ్‌గా ఉన్న మాజీ నేవీ ఉద్యోగి మా మాటలు వింటూ ఉన్నాడు. "బాగా పట్టుకున్నావ్ బాబూ. నీళ్లకింద ఉన్నోడికి పైన జరిగేదంతా చప్పుడే" అన్నాడు. వాడు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మాట తర్వాత ఒప్పందంలోకి ఎలా వచ్చిందో చెబుతాను.

చదవడానికి నమూనా కావాలి. 1972 మే 25న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్ చేసుకున్న సముద్ర ఘటనల ఒప్పందం తీసుకున్నాం. అంతకు ముందు ఆ రెండు దేశాల ఓడలు, విమానాలు సముద్రంలో ఒకదాని మీదికి ఒకటి దూసుకెళ్లడం మామూలైపోయింది. 1967లో జపాన్ సముద్రంలో అమెరికా నౌక వాకర్‌ని సోవియట్ నౌకలు రాసుకున్నాయి. మరుసటి ఏడాది నార్వే సముద్రంలో ఎసెక్స్ అనే విమానవాహక నౌక పక్కన ఎగురుతూ ఒక సోవియట్ బాంబర్ నీళ్లలో కూలిపోయింది. ఇలాగైతే ఏదో ఒకరోజు పెద్దదే జరుగుతుందని రెండు నౌకాదళాలకీ అర్థమైంది. ఆ ఒప్పందంలో గొప్ప ఆదర్శాలేమీ కనబడవు. ఎదుటి ఓడ వైపు తుపాకులు, క్షిపణులు గురిపెట్టినట్టు నటించకూడదు. రాత్రిపూట ఎదుటి ఓడ బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీదికి సెర్చిలైటు కొట్టకూడదు. నీటి అడుగున ఉన్న జలాంతర్గామితో సాధన చేస్తుంటే పైన ఉన్న ఓడ ఆ సంకేతం ఎగరేయాలి. ఏడాదికోసారి రెండు నౌకాదళాల వాళ్లూ కలిసి కూర్చుని ఆ ఏడాది జరిగిన ఘటనలు మాట్లాడుకోవాలి. అంతే. మా వీధిలో ఉండే రిటైర్డ్ నేవీ కమాండర్ గారు పిల్లల కోసం రెండు సాయంత్రాలు కూర్చుని ఇవన్నీ విడమర్చి చెప్పారు. ఓడ పేరు, తాను పనిచేసిన చోటు ఏదీ చెప్పలేదు. అడగొద్దని పిల్లలకి నేనూ ముందే చెప్పాను.

ఇక చర్చలు. మొదటి పూట పూర్తిగా ఉపన్యాసాలకే పోయింది. అటు కశ్మీర్, ఇటు ఉగ్రవాదం. ఇద్దరిదీ నిజమైన కోపమే, కానీ కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. మధ్యాహ్నం నుంచి నియమం మార్చాను. నోటితో వాదించడం లేదు, వాక్యం ఇవ్వాలి. ఎదుటివాళ్ల వాక్యం నచ్చకపోతే దాని చోట మీ వాక్యం పెట్టాలి. తేలనిదాన్ని చదరపు బ్రాకెట్లలో ఉంచి ముందుకెళ్లాలి. నిజంగా జెనీవాలోనైనా న్యూయార్క్‌లోనైనా ముసాయిదాలు అలాగే నడుస్తాయి. బ్రాకెట్టు పడిన మాటంటే ఇంకా ఒప్పుకోని మాటని అర్థం. ఒకమ్మాయి ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుంది, ప్రొజెక్టర్‌తో ముసాయిదా గోడ మీద పడుతోంది, బ్రాకెట్లన్నీ ఎర్ర రంగులో. గంట గడిచేసరికి గోడంతా ఎర్రబడింది. పిల్లలు నీరసపడ్డారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు గొడవ దేని మీదో అందరికీ కళ్లెదుట కనబడుతోంది.

గురిపెట్టడం, సెర్చిలైటు సంగతులు ఇట్టే తేలిపోయాయి. దూరం దగ్గర ఆగాం. 1991 ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ జలాల్లో ఒకరి నౌకలు, జలాంతర్గాములు ఇంకొకరివాటికి మూడు నాటికల్ మైళ్ల లోపలికి రాకూడదు, అంటే దాదాపు ఐదున్నర కిలోమీటర్లు. భారత బృందం అదే ఉంచమంది. పాకిస్తాన్ బృందం, అది ఉండగానే 2011లో ఏం జరిగిందో చూడండి అంది. ఆ జూన్‌లో ఏడెన్ గల్ఫ్ వైపు, సముద్రపు దొంగల చెర విడిపించుకుని ఎంవీ సూయజ్ అనే ఓడ వస్తున్నప్పుడు, పాకిస్తాన్ నౌక బాబర్, మన ఐఎన్‌ఎస్ గోదావరి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. తప్పు మీదంటే మీదని రెండు ప్రభుత్వాలూ నిరసనలు తెలుపుకున్నాయి. 1972 ఒప్పందంలో కిలోమీటర్ల లెక్క కావాలనే పెట్టలేదు. ఎంత దూరంలో ఉండాలన్నది అంకెగా రాస్తే, ఆ అంకె అంచున నిలబడి విసిగించేవాళ్లు ఉంటారని కమాండర్ గారు చెప్పింది పిల్లలకి గుర్తుంది. చివరికి మూడు మైళ్లు అలాగే ఉంచారు. దానికి ఇంకో వాక్యం తగిలించారు: ఏ కారణం చేతైనా అంతకన్నా దగ్గరికి రావాల్సి వస్తే వెంటనే సంకేతమివ్వాలి, 48 గంటల్లోపు కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ క్షిపణుల మాట కూడా ఎవరో ఎత్తారు. 2022 మార్చి 9న మనవైపు నుంచి ఒక బ్రహ్మోస్ పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. 2005 ఒప్పందం బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలకే కాబట్టి క్రూయిజ్ రకం దానిలోకి రాదు. ఇది వేరే ఒప్పందం చేయాల్సిన విషయమని పక్కన పెట్టాం.

జలాంతర్గాముల పేరా దగ్గర సబ్‌మెరైనర్ గారబ్బాయి నోరు విప్పాడు. అప్పటిదాకా పాకిస్తాన్ బల్ల దగ్గర తలొంచుకుని కూర్చున్నవాడు. నీటి అడుగున ఎక్కడున్నామో చెప్పమంటే ఏ నౌకాదళమూ ఒప్పుకోదు, అది అడగడం దండగ అన్నాడు. భారత బృందంలో న్యాయ సలహాదారుగా ఉన్నమ్మాయి, మరి అడగాల్సిందేమిటని నిలదీసింది. వాడు పుస్తకం తీసి రాసుకొచ్చిన వాక్యం చదివాడు: పైకి రమ్మనడానికీ, దూరంగా పొమ్మనడానికీ, ఇది సాధన మాత్రమేనని చెప్పడానికీ వాడే శబ్ద సంకేతాల పట్టికని ఇద్దరూ కలిసి తయారుచేయాలి. ఆ పట్టిక తమ ప్రతి నౌక, ప్రతి జలాంతర్గామి కెప్టెన్ చేతికీ అందిందని రెండు వైపులా రాసిచ్చిన రోజు నుంచే ఒప్పందం అమల్లోకి వస్తుంది. గదిలో ఎవరూ బ్రాకెట్ అడగలేదు. నాకు తెలిసి అసలు ఒప్పందాల్లో ఇలాంటి షరతు అరుదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి కురుసుర ముందు గదిలో తట్టింది.

అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది మాత్రం శ్రీకాకుళం అమ్మాయి. ఎచ్చెర్ల వైపు మత్స్యకారుల పల్లె వాళ్లది. ఇంత పెద్ద ఓడల గురించి ఇన్ని పేరాలు రాశారు, చిన్న బోట్ల మాటేదని అడిగింది. అటు కుటుంబాల్లో మగవాళ్లు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ పోయి, అక్కడి బోట్లెక్కి వేటకెళ్లడం ఏటా జరిగేదే. 2018 చివర్లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఎవరి హద్దు ఎక్కడన్నది గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర రెండు దేశాలే ఇంతవరకు తేల్చుకోలేదు. "మావోళ్లకి నీళ్ల మీద గీత కనబడదు మేడమ్. సేప ఎటెల్తే బోటు అటెల్తాది. పట్టుకున్నాక ఇంటికి కబురు రావడానికి నెలలు పడతాది. అప్పటిదాకా ఆడోళ్లు ఉన్నోడో పోయినోడో తెలీకుండా ఏడుస్తుంటారు" అంది. పాకిస్తాన్ బల్ల నుంచి సమాధానం వచ్చింది: మా మత్స్యకారులూ మీ జైళ్లలో ఉన్నారు. అది నిజం. 2008 ఒప్పందం ప్రకారం జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చుకుంటారు, మత్స్యకారుల పేర్లు రెండు జాబితాల్లోనూ ఉంటాయి. మాది ఎక్కువ, మీది తక్కువ అన్న లెక్కలోకి వాదన జారబోయింది. ఆ అమ్మాయి ఆపింది. ఎవరి జైల్లో ఉన్నా వాళ్ల ఇంట్లో ఆడది ఏడ్చేది ఒకలాగే కదా అంది.

ఆ పేరా సాయంత్రం టిఫిన్ల దగ్గర తేలింది, బల్లల దగ్గర కాదు. పులిహోర పొట్లాలు పట్టుకుని పిల్లలు వరండాలో కలగలిసిపోయి కూర్చున్నారు. అసలైన చర్చల్లో కూడా కారిడార్లలో, కాఫీల దగ్గర తేలేవే ఎక్కువంటారు. తిరిగి లోపలికొచ్చేసరికి వాక్యం రాసి ఉంది. హద్దు దగ్గర దొరికిన చేపల బోటుని ముందు హెచ్చరించి వెనక్కి పంపాలి. పట్టుకోక తప్పకపోతే పేర్లు, ఊళ్లు 24 గంటల్లో ఎదుటి కోస్ట్‌గార్డ్‌కి చేరాలి. 2005 నుంచి మన కోస్ట్‌గార్డ్‌కి, వాళ్ల మారిటైం సెక్యూరిటీ ఏజెన్సీకి నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు ఉంది కాబట్టి కొత్త యంత్రాంగం కూడా అక్కర్లేదు.

ఏటా కలిసి కూర్చోవడం అన్న చివరి పేరా మాత్రం తేలలేదు. పాకిస్తాన్ బృందం రాసింది: రెండు దేశాల సంబంధాలు ఏ స్థితిలో ఉన్నా ఈ సమావేశం జరిగి తీరాలి. భారత బృందం ఒప్పుకోలేదు. ఉగ్రవాద దాడి జరిగిన మర్నాడు నవ్వుతూ ఎదురెదురుగా కూర్చోమంటే ప్రజలకేం చెబుతాం, మాటలూ దాడులూ కలిసి నడవవన్నది మన ప్రభుత్వం చాలా ఏళ్లుగా చెబుతున్నదే కదా అన్నారు. పహల్గాంలో చనిపోయిన 26 మంది పేరెత్తి ఒకమ్మాయి గొంతు పూడుకుపోయింది. ఆ మాటకి బదులుగా అటువైపు ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదని వాళ్లకే తెలిసింది. "సాధారణ పరిస్థితుల్లో" అని పెడదామన్నారు ఇటునుంచి. సాధారణ పరిస్థితుల్లో ఈ సమావేశం అవసరమేముంది, పరిస్థితి బాగోలేనప్పుడే కదా కావాల్సింది అన్నారు అటునుంచి. చీకటి పడింది, వాచ్‌మన్ వచ్చి రెండుసార్లు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒప్పందం అంతా నల్ల అక్షరాల్లో ఉంది, ఆ ఒక్క వాక్యం ఎర్ర బ్రాకెట్లలో మిగిలింది. అలాగే సంతకాలు చేయించాను. బలవంతంగా తేల్చమని అడగలేదు.

నా అభిప్రాయం పిల్లలకి తర్వాత చెప్పాను. ఆ బ్రాకెట్ తీసేయాలంటాను నేను. అణు కేంద్రాల జాబితా జనవరి 1న ఇచ్చుకుంటే మనం ఎవర్నీ క్షమించినట్టు కాదు. 35 సార్లు ఇచ్చుకున్నాం, ఏ దాడినీ మర్చిపోలేదు, ఏ కేసూ వదిలేయలేదు. డీజీఎంఓల ఫోన్ పనిచేయబట్టే మే 10న కాల్పులు ఆగాయి, లేకపోతే ఇంకెందరు పోయేవారో. నీళ్లలో ఉన్నవాళ్లకీ అలాంటి ఫోను ఉండాలి, ఆ ఫోను ఎత్తేవాళ్లు ఒకరి ముఖం ఒకరు ఏడాదికోసారైనా చూసి ఉండాలి. భారత బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాతో ఏకీభవించరు. వాళ్ల వాదనలో బాధ ఉంది, దాన్ని కాదనను. నా మాట మాత్రం అదే.

చేయాలనుకునేవాళ్లకి రెండు సంగతులు. 1991, 1999, 2005, 2007 పత్రాలు చిన్నవే, పిల్లల చేత వాటినే చదివించండి, వాటి మీద ఎవరో రాసిన వ్యాసాలు తర్వాత చూడొచ్చు. నేవీలోనో ఆర్మీలోనో పనిచేసి రిటైరైనవాళ్లని తప్పకుండా పిలవండి. శాంతి మాట ఎత్తితే వాళ్లు చిరాకుపడతారని కొందరనుకుంటారు. నాకు ఎదురైంది వేరు. ముసాయిదా పూర్తయ్యాక కమాండర్ గారికి చూపిస్తే ఆయన ఎర్ర పెన్సిల్‌తో కూర్చుని ప్రతి పేరా సరిచూశారు. సంకేతాల పట్టిక షరతు పక్కన "అవసరం" అని రాశారు.

కొత్త బ్యాచ్ జూలైలో ఆ బ్రాకెట్ల పేరాతోనే మొదలుపెడుతుంది. చీటీలు మళ్లీ తీస్తాం. శ్రీకాకుళం అమ్మాయి పీజీలో చేరింది, చర్చల రోజు వచ్చి ముసాయిదా రాసే ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుంటానని చెప్పింది. ఈసారి మత్స్యకారుల పేరాకి ఒక అనుబంధం కూడా రాయించాలని ఉంది: పట్టుబడ్డ బోటుని ఎన్ని నెలల్లో యజమానికి తిరిగివ్వాలి, వల, ఇంజను ఎవరి బాధ్యత అని. ఆ లెక్కలు తెలుసుకోవడానికి పిల్లల్ని ఒకరోజు ఫిషింగ్ హార్బర్‌కి పంపుతున్నాను.